నీలిమందు – రెండు కంపెనీలు

కంపెనీ అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. మన తాతముత్తాతలు దానిని కుంఫిణీ అనిరి. వారికి కుంఫిణీ యనగా ఒక్కటే: లండనులో కూర్చుండి ఇచట శిస్తు వసూలు చేసిన ఈస్టిండియా కంపెనీ. నేడు కంపెనీలు లక్షలకొలది ఉన్నవి. పెద్ద కంపెనీ ప్రతియొకటియు పరిశోధనకు, క్రొత్త పద్ధతులకు తానే ఇల్లని తన వార్షిక నివేదికలో చెప్పుకొనుచున్నది. ఆ మాటను తూచుట యెట్లు? పేటెంట్లను లెక్కింపవలెనా? వ్యయమైన సొమ్మును చూడవలెనా? ప్రయోగశాల మేడను చూచి సంతోషింపవలెనా? మాకు తోచినంతవరకు ఈ ప్రశ్నకు ప్రకటనలలో కంటె చరిత్రలో మంచి సమాధానము దొరకును. ఒకే సరకును చేపట్టిన రెండు కంపెనీలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, క్రొత్తదనమును పోషించుట యననేమో కొంత తేటపడగలదు. ఆ సరకు నీలిమందు.

నీలిమందు అనగానే మన ఇండ్లలో ఉతికిన తెల్లబట్టలకు పెట్టు నీలము స్ఫురించును. మేము చెప్పబోవునది అది కాదు. నీలి మొక్క ఆకునుండి తీసి నూలుబట్టల అద్దకమునకు వాడిన పూర్వపు రంగు. దీని కథ చెప్పుటకు పామూరు ప్రాంతముకంటె తగిన చోటు లేదు. పామూరు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేడు ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అను పేరు వచ్చినది. ఊరికి పడమట కడప సీమ, దక్షిణమున ఉదయగిరి కొండలు. పందొమ్మిదవ శతాబ్దిలో చెన్నరాజధానిలో నీలిమందునకు పేరుపడినవి ఈ కడప, నెల్లూరు జిల్లాలే. లండను విపణిలో ఈ వైపు సరకునకు ‘కుర్పా’ అని వ్యవహారము. కడప అను పేరే ఆంగ్లేయుల నోట నలిగి అట్లయినది.

బెంగాలులోను బీహారులోను నీలిమందు తెల్లదొరల వ్యాపారము. రైతును బయానా సొమ్ముతో కట్టివేసి, అతని మంచి భూమిలో బలవంతముగా నీలి వేయించిరి. 1859–60లో బెంగాలు రైతులు తిరుగబడుటకు, 1917లో గాంధీజీ చంపారన్ వెళ్ళుటకు అదియే కారణము. మన మెట్టలలో పద్ధతి వేరు. ఇచట ఆకు పండించినవాడు రైతు. తొట్లు పెట్టి రంగు తీసినవాడు ఊరిలోని మోతుబరియో, వర్తకుడో. తొట్లు చిన్నవి, పెట్టుబడి కొద్దిది. ఈ చిన్నతనమే తరువాతి కథలో వీరికి బలమును అయినది, బలహీనతయు అయినది.

రంగు తీయు విధానములో మనవారిదొక ప్రత్యేకత కలదు. బెంగాలులో కోసిన పచ్చియాకును ఆలసింపక తొట్టిలో వేసి పది పండ్రెండు గంటలు నానబెట్టుదురు. మన వైపు ఆకును ఎండబెట్టి, దులిపి, నిలువచేసి, వీలైనపుడు నానబెట్టెడివారు. ఎండుటాకునకు రెండు గంటల నానుడు చాలును. నానిన నీటిని క్రింది తొట్టిలోనికి వదలి కర్రలతో చిలుకగా, పచ్చని నీరు గాలి సోకి నీలమగును. రంగు మడ్డివలె అడుగున దిగును. దానిని కాచి, వడగట్టి, ఒత్తి, బిళ్ళలుగా కోసి ఆరబెట్టుదురు. మిగిలిన ఆకుపిప్పి పొలమునకు మంచి ఎరువు. చెరువులు కొద్ది, వాన తక్కువ, తొట్టికిని పొలమునకును నడుమ ఆమడ దూరము ఉండు చోట ఎండుటాకు పద్ధతి ఎంత యుక్తమైనదో ఆలోచింపుడు. ఆకు కోత యొకనాడు, రంగు తీత మరియొకనాడు కావచ్చును; తేలికైన ఎండుటాకును బండిమీద ఎంత దూరమైనను తోలవచ్చును. ఇది నిక్కమైన నవకల్పన. దీనికి కర్త పేరు లేదు, పేటెంటు లేదు. కంపెనీలను తూచునపుడు ఇట్టి పేరులేని నేర్పును తక్కెడలో వేయుట పలువురు మరచుచుందురు.

ఇక మొదటి కంపెనీ. కుంఫిణీని నిందించుట సులభము. న్యాయముగా తూచుట కొంత కష్టము. క్రొత్త ప్రయోగములకు అది సొమ్ము పెట్టలేదనుట సత్యము కాదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1776లో చెన్నపట్టణమున కంపెనీ కొలువులో చేరి, 1781 నుండి గోదావరి మండలములోని సామర్లకోటలో ఉండెను. అచట అతడు తోట వేసి మిరియపు తీగెలు పెంచెను, నీలిని పరీక్షించెను, వానను కొలిచెను. 1789లో కంపెనీ అతనిని చెన్నరాజధానికి వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించినది. అంకుడు చెట్టు ఆకును వేడినీట ఉంచి నీలిమందు తీయవచ్చునని నిరూపించినవాడు ఇతడే. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయు ఆ తెల్లని కర్ర చెట్టే ఈ అంకుడు. ఏటేట విత్తి కోయవలసిన మొక్కకు బదులు, అడవిలో తనంతట పెరుగు చెట్టునుండి రంగు తీయుట! ఆలోచన గొప్పది.

అయిన దేమి? 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా ఉద్యానవనమునకు వెళ్ళిపోయెను. సామర్లకోట మిరియము కంపెనీ ఆశించిన లాభము చూపలేదు. క్రమముగా ఆ ప్రయత్నము సడలినది. అంకుడు నీలి పుస్తకములలో నిలిచినది, విపణిలో నిలువలేదు. కంపెనీ మాత్రము కోరమాండల్ తీరపు మొక్కలపై అతడు వ్రాసిన గ్రంథమును 1795 నుండి మూడు గొప్ప సంపుటములుగా, 300 రంగుల పటములతో లండనులో అచ్చువేయించినది. ఆ పటములకు మూలమైన చిత్రములను గీసినవారు ఈ దేశపు చిత్రకారులు. వారి పేర్లు గ్రంథములో లేవు. ఆ పటములను చూచినవారు కుంఫిణీ విద్యాపోషణమును మెచ్చకుండలేరు. మేమును మెచ్చెదము. కాని సామర్లకోటలో కనుగొన్నది నెల్లూరు మెట్టలోని తొట్టివానికి చేరవేయుటకు ఆ కంపెనీ యొక మనిషిని నిలిపినదా? తొట్టివాడు ఎండుటాకుతో నేర్చినది సామర్లకోటకు తెలియుటకు దారి యున్నదా? ఆ దారి ఏర్పడలేదు. ప్రయోగము ఒక మనిషి ఉత్సాహముతో పుట్టినది, అతని బదిలీతో ఆగినది.

కుంఫిణీ మరియొక మార్గమును కూడ త్రొక్కినది, అది బహుమానము. కాచినీలు అను ఎర్రరంగు నాగజెముడు జాతి మొక్కపై బ్రతుకు పురుగునుండి వచ్చును. ఆనాడది స్పెయిను రాజ్యపు గుత్త సొత్తు. చెన్నపట్టణమున డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఇందుకై ప్రత్యేకముగా జెముడు తోట పెంచెను. నిజమైన పురుగును తెచ్చినవారికి 2,000 పౌనులు ఇత్తుమని కంపెనీ ప్రకటించినది. 1795లో కాప్టెన్ నీల్సన్ అను నాతడు బ్రెజిలు నుండి పురుగును తెచ్చెను. తీరా చూచిన అది మేలుజాతిది కాదు, అడవిజాతిది, రంగు నాసి. ఆ పురుగు కడకు చేసిన మేలు, దక్షిణదేశమున పొలములను ఆక్రమించిన ఒక రకపు నాగజెముడును తిని పాడుచేయుట! అది ఎవరును కోరిన ఫలము కాదు. బహుమానము చేరవచ్చిన వస్తువునకు వెల కట్టును. దారిలో తప్పిపోయినవానికి, తప్పునుండి నేర్చినవానికి పూటకూలియైనను ఇయ్యదు. 1833 శాసనముతో కుంఫిణీ వర్తకమే ముగిసినది. అటుపిమ్మట అది కేవలము పాలకసంస్థ.

రెండవ కంపెనీ జర్మనీలోనిది. 1865లో ఫ్రీడ్రిఖ్ ఎంగెల్‌హార్న్ స్థాపించిన బాడిషె అనిలీన్ ఉండ్ సోడా ఫాబ్రిక్. కర్మాగారము రైను నదీతీరమున లుడ్విగ్స్‌హాఫెనులో. బొగ్గు వాయువును తయారుచేయగా మిగులు దుర్వాసన తారునుండి రంగులు తీయుట దాని వ్యాపారము. ఈ కంపెనీ నీలిని ముట్టుటకు ముందే మన తీరమును ఒకమారు తాకినది. బందరు కలంకారీ ఎరుపునకు ఆధారమైన చిరువేరులోని రంగుపదార్థము అలిజరీను. 1869లో దానిని తారునుండి చేయు విధానము తెలిసినది. ఈ కంపెనీ రసాయనికుడు హైన్రిఖ్ కారో అందు భాగస్వామి. కొలది యేండ్లలో చిరువేరు త్రవ్వువారికి పని తగ్గినది. తరువాతి వంతు నీలిది.

1880లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అను ఆచార్యుడు నీలిరంగును ప్రయోగశాలలో సృష్టించెను. అతని హక్కులను బాడిషె కంపెనీ, హెఖ్స్ట్ కంపెనీ కలిసి కొన్నవి. లోకమంతయు నీలిమందు పని అయిపోయినదనుకొనెను. అయిపోవుటకు 17 సంవత్సరములు పట్టినది! శ్రోతలు దయచేసి ఈ 17 సంవత్సరములపై మనసు నిలుపవలెను. మా అభిప్రాయమున ఒక కంపెనీ స్వభావము తెలియునది విజయము నాడు కాదు, ఇట్టి నడిమి యేండ్లలోనే.

మొదట బేయరు పద్ధతిలో వచ్చిన ఒక పదార్థమును అద్దకపువారికి అమ్మి చూచిరి. బట్టకు పట్టిన కంపు పోలేదు, ధర దిగలేదు. పిదప బేయరే మరియొక మార్గము చూపెను. అందుకు టాలుయీను అను ద్రవము కావలెను. కంపెనీవారు ఇచట ఒక లెక్క వేసిరి. లోకములో దొరకు తారంతయు వడగట్టినను, లోకమునకు వలసిన నీలికి చాలినంత టాలుయీను రాదు. రసాయనము ఒప్పినను అంకగణితము ఒప్పలేదు. తాము కొన్న పేటెంటు, గౌరవనీయుడైన ఆచార్యుని మార్గము, అంతవరకు పెట్టిన సొమ్ము, మూడింటిని ప్రక్కకు నెట్టి వేరుదారి వెదకిరి. సొమ్ము పెట్టుట కంటె, పెట్టిన సొమ్మును వదలుకొనుట కష్టము. ఇది యెరిగిన వర్తకులు అరుదు.

1890లో జ్యూరిక్‌లోని కార్ల్ హాయ్‌మన్ రెండు మార్గములు చూపెను. అందొకదానికి మొదలు నాఫ్తలీను. మన పెట్టెలలో పురుగు పట్టకుండ వేయు కలరా ఉండల సరకు. తారులో అది కావలసినంత కలదు. కాని నాఫ్తలీనును తరువాతి మెట్టునకు మార్చుట దుర్ఘటమయ్యెను. అప్పుడు సాపర్ అను రసాయనికుని ప్రయోగములో ఉష్ణమాపకము పగిలి పాదరసము పాత్రలో పడెననియు, వెంటనే మార్పు చురుకుగా సాగెననియు చెప్పుదురు. అదృష్టమందురా? పగుళ్ళు, ఒలుకుళ్ళు, పొంగుళ్ళు మన పల్లె తొట్లలోను నిత్యకృత్యములే. పాత్రలో పడినది పాదరసమే కారణమని గుర్తించి, వ్రాసి, మరల చేసి చూచి, మరునాడు పై అధికారికి చెప్పిన నిందపడని చోటు ఉండుటయే విశేషము. పగులగొట్టిన ఉష్ణమాపకము వెల జీతములో తగ్గించు కంపెనీలో ఈ సంగతి బయటపడి యుండునా అని మాకు సందేహము.

అంతటితో కాలేదు. ఈ మార్గమునకు అతితీవ్రమైన గంధకామ్లము వేలకొలది టన్నులు కావలెను. పాతపద్ధతిలో అది ఖరీదు. రుడోల్ఫ్ క్నీచ్ ప్లాటినము సహాయమున ఆ ఆమ్లమును చవుకగా చేయు విధానమును సిద్ధపరచెను. పని ముగిసి పొగగా పోవు గంధకవాయువును మరల పట్టి ఆమ్లముగా మార్చిరి. క్లోరిను కావలసివచ్చెను, ఉప్పునీటిలో విద్యుత్తు పారించి తీసిరి. నీలికొరకు మొదలిడిన ఈ అనుబంధములే తరువాత వేరువేరు పరిశ్రమలైనవి. 1897 జూలైలో నీలిమందు అంగడికి వచ్చునాటికి వ్యయము సుమారు 1 కోటి 80 లక్షల మార్కులు. అది కంపెనీ వాటాధనమునకు ఇంచుమించు సమానము. ఇంత సాహసమునకు వెనుక నిలిచిన నిర్వాహకుడు హైన్రిఖ్ ఫాన్ బ్రుంక్. అతడు స్వయముగా రసాయన శాస్త్రజ్ఞుడు. గద్దెమీద కూర్చున్నవానికి పొయ్యిమీది పని తెలియుట ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

న్యాయము కొరకు ఒకటి చేర్చవలెను. ఈ ఓర్పు ఆ కంపెనీ ఒక్కదాని గుణము కాదు. జర్మనీ విశ్వవిద్యాలయములు రసాయనికులను ఏటేట తయారుచేసి పంపినవి. 1877 నాటి పేటెంటు చట్టము రక్షణ యిచ్చినది. అలిజరీను లాభములు ఖజానాలో ఉన్నవి. పామూరు వైపు తొట్టి యజమానికి ఈ మూడింట ఒక్కటియు లేదు. అతడు 17 ఏండ్లు ఓపిక పట్టలేదని నిందించుట దరిద్రుని ఉపవాసము చేయలేదని నిందించినట్లుండును.

నిందింపవలసినది వేరు. బేయరు వార్త 1880లోనే లోకమెరిగినది. నీలి ఎగుమతివల్ల లాభము పొందిన వర్తక సంస్థలు, సుంకములు పొందిన ప్రభుత్వము ఆ 17 ఏండ్లు ఏమి చేసినవి? బీహారు దొరలు క్రిస్టొఫర్ రాసన్ అను రసాయనికుని పిలిపించినది కృత్రిమ నీలి అంగడికి ఎక్కిన తరువాత. జావా నుండి ఎక్కువ రంగునిచ్చు విత్తనము తెప్పించి పరీక్షించినది ఆ తరువాత. 1916లో పూసా పరిశోధనాలయమున నీలికి ప్రత్యేక రసాయనికుని నియమించినది, 1918లో పరిశోధనకై ఎగుమతి నీలిపై పన్ను విధించు చట్టము చేసినది ఇంకను తరువాత. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అను మన సామెత ఇచట అక్షరాలా సరిపోవును. అదియు బీహారునకే. చెదరిన చిన్న తొట్లవారి తరఫున మాటాడుటకు మన సీమలో సంఘమే లేదు.

అంగడిలో పోటీ ధరతో మాత్రమే జరుగలేదు. ఆకు నీలి బిళ్ళలో రంగు పాలు ఒకమారు 40, ఒకమారు 70. నూటికి ఎంతయో కొన్నవానికి తెలియదు. జర్మను సరకులో నూటికి 97 పాళ్ళు, ఎప్పుడును అంతే. అద్దకపువానికి కావలసినది ఆ నిలకడ. 1896 ప్రాంతమున హిందూదేశమున 15 లక్షల ఎకరములకు పైగా ఉండిన నీలి సేద్యము 1914 నాటికి 2 లక్షల ఎకరములకైనను చేరలేదు. మహాయుద్ధమున జర్మను సరకు ఆగినపుడు ధర లేచి, సేద్యము కొన్నాళ్ళు మరల పెరిగి, శాంతితో మరల కూలినది.

1900లో బెర్లినునందు చేసిన ప్రసంగములో బ్రుంక్ ఈ సంగతి ప్రస్తావించెను. తమ కంపెనీ ఏటా చేయు నీలిని మొక్కనుండి తీయవలెనన్న రెండున్నర లక్షల ఎకరములకు పైగా కావలెననియు, మాటిమాటికి కరవు వచ్చు హిందూదేశమున ఆ భూమి ఆహారధాన్యములకు మరలుట ఆ దేశమునకు అదృష్టమే కావచ్చుననియు అతని భావము. నీలి పేర రైతుపై జరిగిన దౌర్జన్యము నెరిగినవారు ఈ మాటను పూర్తిగా త్రోసివేయలేరు. కాని మన మెట్టరైతు నీలి వేసినది దొర కొరడాకు కాదు, నాలుగు రూకలకు. శిస్తు నాణెములలో కట్టవలె. ఆ నాణెము తెచ్చు పైరు పోయినపుడు జొన్న చేను దానికి బదులు కానేరదు. బ్రుంక్ లెక్కలో ఎకరములు ఉన్నవి. తొట్టి పనివాడు, ఆకు తోలు బండివాడు, చిలుకు కూలివాడు లేరు.

ఈ లోపమును మేము చిన్నదిగా చూడజాలము. నవకల్పనలో సమర్థత ధర్మమునకు పూచీ కాదు. ఈ కంపెనీయే 1913లో గాలినుండి ఎరువునకు వలసిన అమోనియాను తీయు కర్మాగారమును ఓపౌలో నెలకొల్పినది; అందువలన నేడు లోకమున కోట్లమంది అన్నము తినుచున్నారు. ఆ ఓపౌలోనే 1921 సెప్టెంబరు 21వ తేదీన ఎరువుల గుట్ట ప్రేలి 500 మందికి పైగా చనిపోయిరి. 1925లో ఏర్పడిన ఐ.జి.ఫార్బెన్ అను మహాసంస్థలో ఇది లీనమైనది. ఆ సంస్థ రెండవ మహాయుద్ధమున ఔష్విట్జ్ ప్రక్కన కర్మాగారము కట్టి బందీలచేత చాకిరి చేయించినది. పరిశోధనశాలలో తప్పు చెప్పినవానిని శిక్షింపని సంప్రదాయము వెలుపలి మనుష్యుల విషయమున మూగయైపోయినది. కావున ఒక కంపెనీని తూచునపుడు రెండు తక్కెడలు పట్టుకొనవలెనని మా మనవి. క్రొత్తదానిని కనుగొను నేర్పు ఒకదానిలో, ఆ క్రొత్తది ఎవరి బ్రతుకు మీదుగా నడచినదను లెక్క మరియొకదానిలో. మొదటి తక్కెడలో కుంఫిణీ తేలిపోవును, బాడిషె కంపెనీ బరువు తూగును. రెండవదానిలో రెండును తేలిపోవును.

మొదటి తక్కెడలోనైనను ఆ బరువు శాశ్వతము కాలేదు. హాయ్‌మన్ చూపిన రెండవ మార్గమును ఫలము తక్కువని ఎవరును పట్టించుకొనలేదు. 1901లో డెగుస్సా అను వేరొక సంస్థలోని యోహన్నెస్ ఫ్లెగర్, సోడామైడు అను పదార్థమును చేర్చినచో ఆ మార్గమే మిక్కిలి ఫలించునని కనిపెట్టెను. హెఖ్స్ట్ కంపెనీ దానిని పట్టుకొని బాడిషెకు గట్టి పోటీ యైనది. ఇంత వ్యయపడి తెరచిన నాఫ్తలీను బాటను కాలక్రమమున బాడిషెవారును విడువవలసివచ్చినది. విడిచిరి కూడ.

నేడు లోకమున తయారగు నీలిరంగులో చాలభాగము పోవునది జీన్సు బట్టకు. దానిలో మిక్కుటముగా చైనాలో తయారగుచున్నది. బాడిషె కంపెనీ 2000లో తన వస్త్రవర్ణముల వ్యాపారమును డైస్టార్ అను సంస్థలో కలిపివేసి, 17 ఏండ్లు తపస్సు చేసి సాధించిన సరకునుండి ప్రక్కకు తొలగినది. ఆకునుండి తీసిన నీలి మాత్రము పూర్తిగా నశింపలేదు. సహజవర్ణములు కోరు అద్దకపువారికొరకు, తలకు పెట్టుకొను పొడులకొరకు దక్షిణదేశమున కొన్నిచోట్ల మొక్కను నేటికిని పెంచుచున్నారు. ఆకును ఎండబెట్టి దులుపుట అచటను కలదు.